కెమెరా అబ్‌స్క్యూరా (ఎడిన్‌బరో)

ఎడిన్‌బరో కెమెరా అబ్‌స్క్యూరా స్కాట్లాండు రాజధాని ఎడిన్‌బరో నగరంలో, కాసిల్‌హిల్ అను వీధిలో ఉన్న ఒక చారిత్రక దర్శనీయ స్థలము. ఒక ఎత్తైన భవనపు శిఖరంపై అమర్చిన అద్దము, కటకముల సాయంతో చుట్టుప్రక్కల నగరమంతటి సజీవ ప్రతిబింబాన్ని చీకటిగదిలోని తెల్లని బల్ల మీద చూపించుట దీని ప్రత్యేకత. ఈ ప్రదర్శనకు మూలమైన సంస్థను 1835లో మరియా థెరిసా షార్ట్ అను మహిళ ఇదే నగరంలోని కాల్టన్ హిల్ అను కొండపై స్థాపించింది. 1850వ దశకంలో అది ప్రస్తుత స్థలానికి మారినది. 1892లో ప్రసిద్ధ నగర ప్రణాళికావేత్త పాట్రిక్ గెడ్డిస్ ఈ భవనాన్ని తీసుకొని 'అవుట్‌లుక్ టవర్' అని పేరు పెట్టాడు. ప్రస్తుతం ఇది 'కెమెరా అబ్‌స్క్యూరా అండ్ వరల్డ్ ఆఫ్ ఇల్యూజన్స్' అను పేరుతో నడుస్తున్నది. భవనపు పైకప్పు నుండి నగరాన్ని నేరుగా కూడా చూడవచ్చును.

పేరు

'కెమెరా అబ్‌స్క్యూరా' లాటిన్ పదబంధము. లాటిన్ భాషలో 'కెమెరా' అనగా గది, 'అబ్‌స్క్యూరా' అనగా చీకటితో కూడినది. కావున ఈ పేరుకు 'చీకటిగది' అని అర్థము. ఖగోళ శాస్త్రవేత్త జోహన్నెస్ కెప్లర్ 1604లో ప్రచురించిన తన దృక్‌శాస్త్ర గ్రంథంలో ఈ పదబంధాన్ని వాడాడు. నేడు తెలుగులో ఫోటోలు తీసే పరికరానికి వాడుతున్న 'కెమెరా' అను మాట దీని నుండియే వచ్చినది. అనగా మొదట గదికి ఉన్న పేరు, ఆ గది చిన్నదై పెట్టెగా మారిన తరువాత పెట్టెకు మిగిలినది.

ఉనికి

ఎడిన్‌బరో పాత పట్టణం ఒక పొడవైన రాతిగట్టు మీద ఏర్పడినది. గట్టుకు పడమటి కొసన, పురాతన అగ్నిపర్వత శిలపై ఎడిన్‌బరో కోట ఉన్నది. తూర్పు కొసన, పల్లంలో హోలీరూడ్ రాజప్రాసాదం ఉన్నది. ఈ రెంటినీ కలిపే వీధుల వరుసకు 'రాయల్ మైల్' అని పేరు. ఈ వరుసలో కోటకు అతి సమీపంలో ఉన్న భాగమే కాసిల్‌హిల్. కోట ముందరి మైదానము దాటి వీధిలోకి అడుగుపెట్టగానే ఎడమ చేతి ప్రక్కన తెల్లని గుమ్మటము గల ఈ భవనము కనిపిస్తుంది. గట్టు మీద ఎత్తైన చోట ఉండుట వలన దీని శిఖరము నుండి నాలుగు దిక్కులకూ చూపు ఆనుతుంది. ఎడిన్‌బరో పాత, కొత్త పట్టణాలను 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది.

శాస్త్ర సూత్రము

కాంతి సరళరేఖలో ప్రయాణిస్తుంది. చీకటిగది గోడకు ఒక చిన్న రంధ్రము చేసినచో, బయటి వస్తువు పైభాగం నుండి వచ్చే కిరణాలు రంధ్రము గుండా దూరి ఎదుటి గోడ క్రిందిభాగంలో పడతాయి. వస్తువు క్రిందిభాగం నుండి వచ్చేవి గోడ పైభాగంలో పడతాయి. కుడి ఎడమలు కూడా అదే విధంగా తారుమారవుతాయి. అందువలన ఎదుటి గోడ మీద తలక్రిందులైన ప్రతిబింబము ఏర్పడుతుంది. పాఠశాలలలో విద్యార్థులు అట్టపెట్టెతో చేసే 'సూదిబెజ్జం కెమెరా'లో ఉన్నది ఇదే సూత్రము.

ఈ సంగతి చాలా పూర్వమే మానవులకు తెలుసు. క్రీస్తుకు పూర్వము చైనాలో మోజీ అను తత్త్వవేత్త అనుయాయుల రచనలలో దీని ప్రస్తావన ఉన్నది. గ్రహణ సమయంలో చెట్టు ఆకుల సందుల నుండి నేల మీద పడిన వెలుగు మచ్చలు నెలవంకల వలె కనిపించుట గురించి గ్రీకు సంప్రదాయంలో అరిస్టాటిల్ పేర వచ్చిన రచనలు చర్చించాయి. పదకొండవ శతాబ్దంలో అరబ్బు శాస్త్రజ్ఞుడు ఇబ్న్ అల్ హైథమ్ దీనిని ప్రయోగపూర్వకంగా పరిశీలించాడు. పదహారవ శతాబ్దపు ఇటలీలో రంధ్రము స్థానంలో కుంభాకార కటకమును అమర్చుట మొదలైనది. దీనితో ప్రతిబింబము కాంతివంతంగాను, స్పష్టంగాను మారినది.

కటకము వలన కలిగే లాభాన్ని ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చును. 1 సెంటీమీటరు వ్యాసము గల రంధ్రము కంటె 10 సెంటీమీటర్ల వ్యాసము గల కటకము వైశాల్యంలో 100 రెట్లు పెద్దది. కావున అది 100 రెట్లు ఎక్కువ కాంతిని లోనికి అనుమతిస్తుంది. ఉత్త రంధ్రాన్నే అంత పెద్దది చేసినచో ప్రతిబింబము అలుక్కుపోతుంది. కటకము మాత్రము వచ్చిన కాంతిని మరల ఒకచోటికి చేర్చి స్పష్టతను నిలుపుతుంది.

చరిత్ర

షార్ట్ కుటుంబము

ఈ సంస్థ చరిత్ర దూరదర్శినుల తయారీతో ముడిపడి ఉన్నది. ఎడిన్‌బరోలో జన్మించిన జేమ్స్ షార్ట్ (1710-1768) పద్దెనిమిదవ శతాబ్దంలో పరావర్తన దూరదర్శినుల నిర్మాణంలో యూరపు అంతటా పేరుపొందినవాడు. ఆయన మరణానంతరము సోదరుడు థామస్ షార్ట్ ఒక పెద్ద దూరదర్శినితో ఎడిన్‌బరో చేరి, 1776లో కాల్టన్ హిల్ మీద వేధశాల నిర్మాణానికి పూనుకొన్నాడు. నగర పాలకులు స్థలమిచ్చారు. భవన నమూనాను జేమ్స్ క్రెయిగ్ తయారుచేసాడు. ఎడిన్‌బరో కొత్త పట్టణపు ప్రణాళికను గీసినది కూడా ఈ క్రెయిగే. అయితే ధనము చాలక పని అనుకున్నట్లు సాగలేదు. 1788లో థామస్ షార్ట్ మరణించాడు. తదుపరి పరికరాల గురించి, స్థలము గురించి వివాదాలు ఏర్పడినవి.

మరియా షార్ట్

థామస్ షార్ట్ కుమార్తె మరియా థెరిసా షార్ట్ 1827లో వెస్టిండీస్ నుండి ఎడిన్‌బరో చేరి, తండ్రి దూరదర్శిని తనకు చెందవలెనని కోరింది. అప్పటికి కాల్టన్ హిల్ మీద విద్వాంసుల కొరకు మరియొక వేధశాల వెలసియున్నది. మరియా ఉద్దేశము వేరు. శాస్త్రపరికరాలను సామాన్య ప్రజలు కూడా చూడవలెనని ఆమె తలచింది. పరికరము చేతికి వచ్చిన తరువాత 1835లో కాల్టన్ హిల్ మీద, నెల్సన్ స్మారక స్తంభము సమీపంలో 'పాపులర్ అబ్జర్వేటరీ' అను పేరుతో ఒక ప్రజా వేధశాలను తెరిచింది. రుసుము చెల్లించిన ఎవరైనను అక్కడి పరికరాలను చూడవచ్చును.

ఈ కట్టడము నగర పాలకులకు, కొందరు ప్రముఖులకు నచ్చలేదు. కొండ అందానికి అది భంగకరమని వారు అభ్యంతరము చెప్పారు. మరియా చాలాకాలము ప్రతిఘటించినప్పటికీ 1851లో అది తొలగించబడినది. స్త్రీలకు విశ్వవిద్యాలయ ప్రవేశము కూడా లేని కాలంలో ఒక స్త్రీ స్వయంగా శాస్త్ర ప్రదర్శనశాలను నడుపుట, దానిని కోల్పోయిన పిదప మరల నిలబెట్టుట ఈ సంస్థ చరిత్రలో గమనించదగిన విషయము.

కాసిల్‌హిల్‌కు మార్పు

కాల్టన్ హిల్ చోటు పోయిన తరువాత మరియా కాసిల్‌హిల్‌లో పదిహేడవ శతాబ్దానికి చెందిన ఒక పాత ఇంటిని తీసుకొన్నది. దానిపై రెండు అంతస్తులను, గుమ్మటమును కట్టించి, శిఖరాన కెమెరా అబ్‌స్క్యూరాను నెలకొల్పింది. 1853 నాటికి ఇది ప్రజలకు అందుబాటులోకి వచ్చినది. భవనపు క్రిందిభాగము పాతది, పైభాగము కొత్తది అగుట నేటికీ గోడల కట్టుబడిలో తెలుస్తుంది. 1869లో మరియా మరణించింది. తరువాత ఆమె భర్త రాబర్ట్ హెండర్సన్ దీనిని కొనసాగించాడు.

పాట్రిక్ గెడ్డిస్, అవుట్‌లుక్ టవర్

పాట్రిక్ గెడ్డిస్ (1854-1932) వృక్షశాస్త్రజ్ఞుడు, సామాజిక శాస్త్రవేత్త, నగర ప్రణాళికావేత్త. పాత పట్టణంలోని ఇళ్ళు అప్పట్లో శిథిలమై, కిక్కిరిసి, అపరిశుభ్రంగా ఉండేవి. కలిగినవారు కొత్త పట్టణానికి తరలిపోయారు. గెడ్డిస్ దంపతులు మాత్రము 1886లో పాత పట్టణంలోని జేమ్స్ కోర్టుకు కాపురము మార్చి, ఇరుగుపొరుగుతో కలిసి ఇళ్ళను శుభ్రపరచుట, మరమ్మత్తు చేయుట మొదలుపెట్టారు. 1892లో గెడ్డిస్ ఈ భవనాన్ని తీసుకొన్నాడు.

గెడ్డిస్ దృష్టిలో ఇది వినోదశాల కాదు, పౌరులకు పాఠశాల. భవనంలోని అంతస్తులను ఆయన ఈ క్రింది క్రమంలో అమర్చాడు:

* శిఖరము: కెమెరా అబ్‌స్క్యూరా, బయటి వసారా
* దాని క్రింద: ఎడిన్‌బరో నగరము
* దాని క్రింద: స్కాట్లాండు
* దాని క్రింద: ఆంగ్లము మాట్లాడే దేశాలు
* దాని క్రింద: యూరపు
* నేల అంతస్తు: ప్రపంచము

సాధారణంగా భూగోళ పాఠము ప్రపంచముతో మొదలై స్వగ్రామముతో ముగుస్తుంది, లేదా స్వగ్రామాన్ని చేరకుండానే ముగుస్తుంది. గెడ్డిస్ దీనిని తిరగవేసాడు. సందర్శకుడు ముందుగా శిఖరానికి ఎక్కి తన ఊరిని కన్నులారా చూడవలెను. తరువాత ఒక్కొక్క మెట్టు దిగుతూ తన ఊరికి దేశముతో, ఖండముతో, ప్రపంచముతో గల సంబంధాన్ని తెలుసుకొనవలెను. గెడ్డిస్ తన అతిథులను మెట్ల మీదుగా వేగంగా పైకి తీసుకొనిపోయేవాడని, రక్తప్రసరణ హెచ్చినపుడు చూపు చురుకుగా ఉంటుందని ఆయన నమ్మకమని జీవితచరిత్రకారులు వ్రాసారు. దృశ్యము చూచిన తరువాత ఏమియూ లేని ఒక చిన్న గదిలో కొంతసేపు మౌనంగా కూర్చొను ఏర్పాటు కూడా ఉండేది. చూచిన దానిని మనసులో నిలుపుకొనుటకు ఆ గది ఉద్దేశించబడినది.

ఒక పట్టణాన్ని మార్చదలచినవారు ముందుగా దానిని సమగ్రంగా పరిశీలించవలెనని గెడ్డిస్ బోధించాడు. వైద్యుడు రోగిని పరీక్షించిన తరువాతనే మందు ఇచ్చినట్లు, ప్రణాళికకు ముందు పరిశీలన జరుగవలెను. ఈనాడు నగర ప్రణాళికా విద్యలో ప్రాథమిక సూత్రంగా చెప్పబడే ఈ భావనకు ఈ భవనము ప్రయోగశాలగా ఉపయోగపడినది.

గెడ్డిస్ అనంతరము

1914 తరువాత గెడ్డిస్ ఎక్కువ కాలము భారతదేశంలోను, ఇతర దేశాలలోను గడపుట వలన అవుట్‌లుక్ టవర్ ప్రదర్శనలు క్రమంగా క్షీణించాయి. 1940వ దశకంలో శిఖరముపై కొత్త అద్దము, కటకములు అమర్చబడినవి. కొంతకాలము భవనము ఎడిన్‌బరో విశ్వవిద్యాలయము అధీనంలో ఉన్నది. 1980వ దశకం నుండి ప్రైవేటు యాజమాన్యము దీనిని పర్యాటక ఆకర్షణగా అభివృద్ధి చేసినది. గెడ్డిస్ ఏర్పరచిన అంతస్తుల అమరిక ఇప్పుడు లేదు. శిఖరముపై గల చీకటిగది మాత్రము అదే చోట, అదే పని చేస్తున్నది.

పనిచేయు విధానము

పరికరములో మూడు ముఖ్యభాగాలు ఉన్నవి.

1. అద్దము: గుమ్మటపు కొసన బయటి దృశ్యానికి ఎదురుగా ఏటవాలుగా అమర్చబడినది. అడ్డంగా వచ్చే కాంతిని ఇది నిలువుగా క్రిందికి మళ్ళిస్తుంది.
2. కటకములు: అద్దము నుండి వచ్చిన కాంతిని ఇవి కేంద్రీకరిస్తాయి.
3. బల్ల: గది మధ్యలో ఉన్న గుండ్రని తెల్లని బల్ల తెరవలె ఉపయోగపడుతుంది. దీని ఉపరితలము నడుమ కొద్దిగా పల్లంగా, అనగా పుటాకారంగా ఉంటుంది. కటకముల వలన ఏర్పడే ప్రతిబింబము సమతలము మీద కాక కొంత వంపు గల తలము మీద ఏర్పడుతుంది. బల్లను కూడా అదే వంపులో చేసినందున అంచుల వద్ద సైతము దృశ్యము స్పష్టంగా ఉంటుంది.

గదిలోని నిర్వాహకుడు పై నుండి వ్రేలాడు పిడిని త్రిప్పినపుడు అద్దము చుట్టూ తిరుగుతుంది. అద్దమును వంచుట ద్వారా సమీప వీధులను గాని, సుదూరపు కొండలను గాని చూపవచ్చును. అద్దము తిరిగిన కొలది బల్ల మీది బొమ్మ కూడా తిరుగుతుంది. కావున బల్ల చుట్టూ నిలబడినవారిలో ఒకరికి నిటారుగా కనిపించే దృశ్యము ఎదుటివారికి తలక్రిందులుగా కనిపిస్తుంది. దిక్కు మారినపుడు ఈ వరుస కూడా మారుతుంది.

ఇందులో విద్యుత్తుతో పనిచేయు తెర లేదు, చిత్రీకరణ లేదు, నిల్వచేయుట లేదు. బల్ల మీద కనిపించునది ఆ క్షణంలో బయట జరుగుతున్నదే. బయటి కాంతియే తప్ప వేరు వెలుగు లేనందున బల్ల మీది బొమ్మ బయటి దృశ్యము కంటె చాలా మసకగా ఉంటుంది. అందుచేతనే గది పూర్తిగా చీకటిగా ఉండవలెను, చూచేవారి కళ్ళు చీకటికి అలవాటు పడుటకు కొంత సమయము కూడా అవసరము.

ప్రదర్శన

సందర్శకులను చిన్న బృందాలుగా చీకటిగదిలోనికి అనుమతిస్తారు. తలుపు మూసిన పిదప నిర్వాహకుడు అద్దమును ఒక్కొక్క దిక్కుకు త్రిప్పుతూ నగర చరిత్రను వివరిస్తాడు. కోట, చర్చి గోపురాలు, వీధులు, తోటలు ఒకదాని తరువాత ఒకటి బల్ల మీద కనిపిస్తాయి. బస్సులు కదులుతాయి, జెండాలు ఎగురుతాయి, చిమ్నీల నుండి పొగ లేస్తుంది, మనుషులు నడుస్తారు. శబ్దము మాత్రము ఉండదు.

ఈ ప్రదర్శనలో అందరికీ ప్రీతికరమైన భాగము కాగితపు ఆట. బల్ల మీద నడుస్తున్న మనిషి బొమ్మ క్రింద ఒక తెల్లని కాగితపు ముక్కను ఉంచి మెల్లగా పైకి ఎత్తినచో, ఆ మనిషి కాగితము మీదకు ఎక్కినట్లు కనిపిస్తాడు. కాగితాన్ని వంతెన వలె వంచి పట్టినచో వీధిలోని వాహనాలు వంతెన ఎక్కి దిగినట్లు కనిపిస్తాయి. కాగితాన్ని కొద్దిగా ఎత్తినంత మాత్రాన బొమ్మ చెదిరిపోకపోవుటయే ఈ ఆటకు ఆధారము. మరీ పైకి ఎత్తినచో బొమ్మ అలుక్కుపోతుంది. వీధిలోని మనిషికి తాను ఒకరి అరచేతిలో ఉన్న సంగతి తెలియదు. పందొమ్మిదవ శతాబ్దంలో ఇది కేవలము వింత. నిఘా కెమెరాలు నిండిన నేటి నగరంలో ఇదే దృశ్యము సందర్శకులను కొంత ఆలోచింపజేస్తుంది. అయితే ఈ చీకటిగదిలో చూచినది చూచినంతలోనే పోతుంది, ఎక్కడా నమోదు కాదు.

పైకప్పు నుండి నగర దృశ్యము

చీకటిగదికి చేరువలో ఉన్న పైకప్పు వసారా నుండి అదే నగరాన్ని కంటితో నేరుగా చూడవచ్చును. దూరదర్శినులు కూడా అమర్చబడినవి. ఇక్కడి నుండి కనిపించే ముఖ్య స్థలాలు:

* పడమర: ఎడిన్‌బరో కోట. ఇక్కడ 1861 నుండి ఆదివారములు తప్ప సాధారణంగా ప్రతిదినము మధ్యాహ్నము 1 గంటకు ఫిరంగి ప్రేలుస్తారు.
* ఉత్తరము: ప్రిన్సెస్ వీధి తోటలు, వాటికి ఆవల కొత్త పట్టణపు తిన్నని వీధులు, నిర్మలమైన రోజున ఫోర్త్ అఖాతము, ఫైఫ్ తీరము. తోటలున్న పల్లము ఒకప్పుడు నార్ లాక్ అను మడుగు.
* ఈశాన్యము: రచయిత సర్ వాల్టర్ స్కాట్ స్మారక గోపురము (సుమారు 61 మీటర్లు), దానికి దూరంగా మరియా షార్ట్ మొదటి వేధశాల వెలసిన కాల్టన్ హిల్.
* తూర్పు: రాయల్ మైల్ వెంబడి సెయింట్ జైల్స్ చర్చి కిరీటాకార శిఖరము.
* ఆగ్నేయము: ఆర్థర్స్ సీట్ అను కొండ (251 మీటర్లు). ఇది చల్లారిన అగ్నిపర్వతపు అవశేషము.

ఒకే దృశ్యాన్ని రెండు విధాలుగా చూచు అవకాశము ఈ భవనపు ప్రత్యేకత. బయట నిలబడినపుడు దృశ్యము విశాలంగా, ప్రకాశవంతంగా ఉంటుంది. చూపు ఎక్కడా నిలువదు. చీకటిగదిలో అదే దృశ్యము చిన్నదై, చుట్టూ అంచు ఏర్పడి, చిత్రపటము వలె కనిపిస్తుంది. రంగులు, కదలికలు మునుపు గమనించనివి కూడా కంటబడతాయి. చీకటిగది నుండి బయటకు వచ్చిన తరువాత నగరము కొత్తగా కనిపించవలెనన్నది గెడ్డిస్ ఆశయము.

భ్రమల ప్రపంచము

భవనంలోని మిగిలిన అంతస్తులలో దృష్టి భ్రమలకు, కాంతికి, అద్దములకు సంబంధించిన ప్రదర్శనలు ఉన్నవి. అద్దాల చిక్కుదారి, హోలోగ్రాములు, సుడి సొరంగము వీటిలో ముఖ్యమైనవి. సుడి సొరంగములో నడిచే వంతెన కదలకుండా ఉంటుంది, చుట్టూ ఉన్న గొట్టము మాత్రమే తిరుగుతుంది. అయినను నడిచేవారికి తామే ఒరిగిపోతున్నట్లు తోస్తుంది. శరీరపు నిలకడను కాపాడుటలో చెవిలోని సమతౌల్య అవయవాలతో పాటు కంటిచూపు పాత్ర ఎంతటిదో దీని వలన తెలుస్తుంది.

మరియొకటి ఏమ్స్ గది. అమెరికాకు చెందిన అడెల్బర్ట్ ఏమ్స్ పేరున ఇది ప్రసిద్ధము. ఈ గది ఒక మూల దగ్గరగాను, మరొక మూల దూరంగాను ఉండునట్లు వంకరగా నిర్మించబడినది. ఒక నిర్ణీత స్థానము నుండి చూచినపుడు మాత్రము మామూలు చతురస్రపు గదివలె కనిపిస్తుంది. ఒకే ఎత్తు గల ఇద్దరు రెండు మూలల్లో నిలబడినచో ఒకరు మహాకాయునిగా, మరొకరు మరుగుజ్జుగా కనిపిస్తారు.

భారతదేశముతో సంబంధము

అవుట్‌లుక్ టవర్‌లో రూపుదిద్దుకొన్న ఆలోచనలు గెడ్డిస్ ద్వారా భారతదేశానికి చేరాయి. మద్రాసు గవర్నరు లార్డ్ పెంట్లాండ్ ఆహ్వానముపై ఆయన 1914లో బయలుదేరాడు. నగరాలు, నగర ప్రణాళికలకు సంబంధించిన ఆయన ప్రదర్శన సామగ్రి 'క్లాన్ గ్రాంట్' అను ఓడలో వేరుగా పంపబడినది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మను యుద్ధనౌక ఎండెన్ ఆ ఓడను 1914 అక్టోబరులో ముంచివేసినది. అదే సంవత్సరము సెప్టెంబరులో మద్రాసు రేవుపై గుండ్లు కురిపించినది కూడా ఈ ఎండెనే. గెడ్డిస్ నిరాశ చెందక మిత్రుల సాయంతో సామగ్రిని మరల సేకరించి, 1915లో మద్రాసులో ప్రదర్శన ఏర్పాటుచేసాడు. కోస్తా ఆంధ్ర, రాయలసీమ ప్రాంతాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగములు.

తదుపరి ఆయన భారతదేశంలోని అనేక పట్టణాలను కాలినడకన పరిశీలించి నివేదికలు వ్రాసాడు. రోడ్లు వెడల్పు చేయుటకై పాత బస్తీలను మొత్తముగా పడగొట్టు పద్ధతిని ఆయన వ్యతిరేకించాడు. అవసరమైన చోట మాత్రమే కొద్దిపాటి మార్పు చేసి, చెరువులను, చెట్లను, నివాసులను కాపాడవలెనని సూచించాడు. 1919 నుండి కొన్ని సంవత్సరాలు బొంబాయి విశ్వవిద్యాలయంలో సామాజిక శాస్త్ర ఆచార్యునిగా పనిచేసాడు. జగదీశ్ చంద్ర బోస్ జీవితచరిత్రను 1920లో ప్రచురించాడు.

హైదరాబాదుతో కూడా గెడ్డిస్‌కు సంబంధము ఉన్నది. 1918లో స్థాపించబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి శాశ్వత ప్రాంగణము కొరకు స్థల పరిశీలన చేయుటకు నిజాము ప్రభుత్వము ఆయనను ఆహ్వానించినది. గెడ్డిస్ వివిధ స్థలాలను చూచి 1923లో నివేదిక సమర్పించాడు. తరువాత బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్ భవనాల నమూనాలను తయారుచేసాడు. 1934 జులై 5న ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ అడిక్‌మెట్ వద్ద శంకుస్థాపన చేసాడు.

ఇతర ప్రదేశాలలో

పందొమ్మిదవ శతాబ్దంలో బ్రిటనులోని కొండలపైన, సముద్రతీర విహారస్థలాలలోను ఇటువంటి చీకటిగదులు అనేకము వెలసినవి. ఫోటోగ్రఫీ, తరువాత సినిమా వ్యాప్తి చెందిన కొలది చాలావరకు మూతబడినవి. నిలిచినవాటిలో బ్రిస్టల్ నగరంలోని క్లిఫ్టన్ అబ్జర్వేటరీ, స్కాట్లాండులోని డంఫ్రీస్ మ్యూజియము (1836), అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో సముద్రతీరంలోని జెయింట్ కెమెరా పేర్కొనదగినవి.

తెలుగువారికి పరిచయమైన ఉదాహరణ హంపి విరూపాక్ష దేవాలయములో ఉన్నది. ఆలయంలోని ఒక చీకటిగది గోడకున్న చిన్న రంధ్రము గుండా వచ్చే వెలుతురు వలన తూర్పు రాజగోపురపు ఛాయ ఎదుటి గోడ మీద తలక్రిందులుగా పడుతుంది. యాత్రికులకు దీనిని వింతగా చూపుతారు. ఇందులో కటకము గాని, అద్దము గాని లేవు. కావున ఇది శుద్ధమైన సూదిబెజ్జం కెమెరా. ఎడిన్‌బరోలో ఉన్నది అదే సూత్రానికి అద్దము, కటకములు చేర్చిన రూపము.

సందర్శన

* ప్రదర్శన పూర్తిగా పగటి వెలుతురు మీద ఆధారపడి ఉంటుంది. దట్టమైన మబ్బు, పొగమంచు, వర్షము ఉన్నపుడు బొమ్మ మసకబారుతుంది. చీకటి పడిన తరువాత ప్రదర్శన ఉండదు.
* ఎడిన్‌బరో సుమారు 56 డిగ్రీల ఉత్తర అక్షాంశముపై ఉన్నందున జూన్ నెలలో పగలు సుమారు 17 గంటలు, డిసెంబరులో సుమారు 7 గంటలు మాత్రమే ఉంటుంది. శీతాకాలంలో వెళ్ళేవారు మధ్యాహ్నానికి ముందుగానే చేరుట మంచిది.
* ఎండగా ఉన్న రోజున బొమ్మ అత్యంత స్పష్టంగా కనిపిస్తుంది. వర్షము వెలిసి ఎండ కాసిన వెంటనే గాలి నిర్మలంగా ఉండుట వలన దూరపు దృశ్యాలు కూడా బాగుంటాయి.
* శిఖరానికి మెట్ల ద్వారా ఎక్కవలెను. మోకాళ్ళ నొప్పులు ఉన్నవారు, వృద్ధులు నెమ్మదిగా అంతస్తుకొకచోట ఆగుతూ ఎక్కవచ్చును.
* పైకప్పు మీద చలిగాలి ఎక్కువ. వేసవిలో కూడా వెచ్చని వస్త్రము వెంట ఉండుట అవసరము.
* ఆగష్టు నెలలో నగరంలో జరిగే కళోత్సవాల కారణంగా రద్దీ అధికంగా ఉంటుంది.
* నగరపు ప్రధాన రైల్వే స్టేషను వేవర్లీ నుండి నడచి చేరుకోవచ్చును. దారి ఎగువకు ఉంటుంది.

విద్యార్థులకు ప్రయోగము

ఎడిన్‌బరో వెళ్ళకుండానే ఈ దృశ్యాన్ని ఇంటి వద్ద చూడవచ్చును. ఎండ బాగా ఉన్న రోజున, బయట చెట్లు గాని భవనాలు గాని కనిపించే కిటికీ గల గదిని ఎన్నుకొనవలెను. కిటికీని నల్లని కాగితముతో లేదా దళసరి అట్టతో వెలుతురు చొరకుండా మూసి, మధ్యలో సుమారు 1 సెంటీమీటరు వ్యాసము గల రంధ్రము చేయవలెను. తలుపులు మూసి కొన్ని నిముషాలు వేచియుండినచో ఎదుటి తెల్లగోడ మీద బయటి దృశ్యము తలక్రిందులుగా కనిపిస్తుంది. గోడ దూరమైనచో ఒక తెల్లని గుడ్డను రంధ్రానికి దగ్గరగా పట్టవచ్చును.

ప్రతిబింబపు ఎత్తును సులభంగా లెక్కించవచ్చును. 10 మీటర్ల ఎత్తు గల కొబ్బరిచెట్టు రంధ్రానికి 50 మీటర్ల దూరంలో ఉన్నదనుకొనిన, రంధ్రానికి 4 మీటర్ల దూరంలోని గోడ మీద దాని ప్రతిబింబము 10 × 4 ÷ 50 = 0.8 మీటరు, అనగా 80 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. రంధ్రమును చిన్నది చేసిన కొలది బొమ్మ స్పష్టమవుతుంది, కాని కాంతి తగ్గుతుంది. రంధ్రము గుండా గాని, కటకము గుండా గాని సూర్యుని వైపు నేరుగా చూడరాదు. అట్లు చూచినచో కంటికి శాశ్వత హాని కలుగవచ్చును.

ప్రాముఖ్యత

ఈ భవనము చరిత్రలో మూడు దశలు కనిపిస్తాయి. మరియా షార్ట్ కాలంలో ఇది శాస్త్రాన్ని సామాన్యుని వద్దకు చేర్చు సాధనము. గెడ్డిస్ కాలంలో పౌరుడు తన ఊరిని తెలుసుకొనుటకు సాధనము. నేడు ప్రధానంగా వినోద స్థలము. యాజమాన్యము, ఉద్దేశము మారినప్పటికీ పరికరపు పద్ధతి మారలేదు. వీధిలో ప్రతిదినము నడిచేవారు తమ వీధిని ఇక్కడ మొదటిసారి చూస్తున్నట్లు చూస్తారు. దూరదేశపు వింతలను కాక సొంత ఊరినే చూడదగిన వింతగా చూపుట ఈ ప్రదర్శనశాలను ఇతర ప్రదర్శనశాలల నుండి వేరుచేయుచున్నది.

ఇవి కూడా చూడండి

* ఎడిన్‌బరో
* పాట్రిక్ గెడ్డిస్
* సూదిబెజ్జం కెమెరా
* ఇబ్న్ అల్ హైథమ్
* విరూపాక్ష దేవాలయము, హంపి
* ఉస్మానియా విశ్వవిద్యాలయము